బల్ల మీది విమానాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

(ప్లాస్టిక్ స్కేల్ మోడల్ విమానాల తయారీ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలు ఇవి. జవాబులిస్తున్నవారు భారత వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా (విమాన శరీర భాగాలను చూసుకునే సాంకేతికుడిగా) మిగ్-21 విమానాల మీద పనిచేసి, పదవీ విరమణ తరువాత విశాఖపట్నంలో స్థిరపడ్డారు. ఆదివారాలు మిత్రులతో కలిసి ఒకే బల్ల దగ్గర మోడళ్లు చేస్తుంటారు.)

ప్రశ్న: ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నడిపిన నాట్ విమానం చేద్దామని 1/72 స్కేల్ కిట్టు తెప్పించుకున్నాను. పెట్టె తెరిస్తే కాక్‌పిట్‌లో రెండు సీట్లున్నాయి. వెనక సీటు తీసేసి పైన లప్పం పెట్టి మూసేస్తే సరిపోతుందా? – డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: సరిపోదు. మీ చేతికి వచ్చింది నాట్ టి.1. బ్రిటిష్ వైమానిక దళం శిక్షణ కోసం వాడిన రకం అది. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద దాడి జరుగుతుండగా సెఖోన్ పైకి లేచింది ఒంటి సీటు ఫైటర్‌లో. రెండింటికీ తేడా సీటుతో ఆగిపోదు. ఫైటర్ పొడవు 8.74 మీటర్లు, శిక్షణ విమానానిది 9.68. 72తో భాగించి చూడండి: ఒకటి 12.1 సెంటీమీటర్లు, రెండోది 13.4. శిక్షణ విమానానికి రెక్కలు పెద్దవి, తోక కూడా పెద్దదే. అంత కోసి, అంత అతికితే చివరికి మిగిలేది రెండూ కాని విమానం.

చెక్ రిపబ్లిక్‌లోని స్పెషల్ హాబీ కంపెనీ ఒంటి సీటు నాట్‌ను, దాని నుంచి మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) రూపొందించిన అజీత్‌ను 1/72లో తెచ్చింది. అయితే అలాంటి చిన్న కంపెనీల కిట్లలో భాగాలు ఇట్టే కూర్చోవు. ప్రతి అంచునూ ఉప్పు కాగితంతో రుద్ది, పొడిగా అమర్చి చూసి, అప్పుడు అతకాలి. అందుకని మీ దగ్గరున్న పెట్టెను పక్కన పడేయకండి. దానికి ఎర్ర రంగు వేసి, 1979 వరకు నాట్లతోనే విన్యాసాలు చేసిన బ్రిటిష్ వైమానిక దళపు రెడ్ యారోస్ జట్టు విమానంగా పూర్తిచేయండి. భాగాలు కోయడం, అతకడం, డెకాల్ (నీటిలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్) అంటించడం దాని మీద నేర్చుకోండి. వైమానిక దళానికి దక్కిన ఒకే ఒక్క పరమవీర చక్ర సెఖోన్‌ది. ఆయన విమానాన్ని చెయ్యి తిరిగాక చేయడమే మర్యాద.

ప్రశ్న: చాలా రోజులు కష్టపడి స్పిట్‌ఫైర్ పూర్తిచేశాను. చివరగా స్ప్రే డబ్బాతో లాకర్ వార్నిష్ కొట్టాను. కాసేపటికే మోడలంతా విబూది పూసినట్టు తెల్లబడింది. డబ్బా నకిలీదా? – పాఠకుడు, కాకినాడ

జవాబు: డబ్బాను అనుమానించే ముందు ఆ రోజు వాతావరణం గుర్తు తెచ్చుకోండి. బట్టలు ఆరని రోజు అయి ఉంటుంది. లాకర్ వార్నిష్‌లోని ద్రావకం చాలా వేగంగా ఆవిరవుతుంది. అలా ఆవిరవుతూ మోడల్ ఉపరితలం నుంచి వేడిని లాక్కుంటుంది. ఉపరితలం చల్లబడగానే గాలిలోని తేమ దాని మీద సన్నటి బిందువులుగా పేరుకుని, ఇంకా ఆరని వార్నిష్ పొరలో చిక్కుకుపోతుంది. మీరు చూసిన తెలుపు అదే. కోస్తాలో లాకర్ వాడేవాళ్లందరికీ ఇది ఎదురవుతుంది. విశాఖలో మాకూ తప్పదు.

మోడల్‌ను పారేయవలసిన పనిలేదు. గాలి పొడిగా ఉన్న రోజు చూసి, నెమ్మదిగా ఆరే థిన్నర్‌ను ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న పరికరంతో) దూరం నుంచి పలచగా ఒక్క పొర కొట్టండి. రిటార్డర్ కలిపిన థిన్నర్ అని అడిగితే ఇస్తారు. పొర మళ్లీ కొద్దిగా మెత్తబడి, చిక్కుకున్న తేమ బయటికి పోతుంది. ముందుగా ప్లాస్టిక్ చెంచా మీద కొట్టి చూడండి. మా బల్ల మీద ఎప్పుడూ ఒక కట్ట చెంచాలుంటాయి. ఏ కొత్త రంగైనా మొదట చెంచా మీదికే వెళుతుంది.

కోస్తాలో ఉన్నవాళ్లు పనిని కాలాన్ని బట్టి పంచుకోవడం మంచిది. వానల్లో కోయడం, అతకడం, లప్పం పెట్టడం, రుద్దడం చేసుకోండి. లాకర్ రంగులను, వార్నిష్‌ను చలికాలపు మధ్యాహ్నాలకు ఉంచుకోండి. ఆగలేకపోతే నీటితో కలిపే యాక్రిలిక్ రంగులు వాడండి. అవి ఆరడానికి సమయం పట్టినా ఇలా తెల్లబడవు. కంప్రెసర్ గొట్టానికి నీటిని పట్టే ట్రాప్ తప్పకుండా ఉండాలి. అది లేకపోతే ఎయిర్‌బ్రష్ నుంచి రంగుతో పాటు నీటి చుక్కలు కూడా పడతాయి.

ప్రశ్న: మావారు ఉద్యోగం నుంచి రాగానే చిన్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటారు. రాత్రి పది దాకా విమానాలే. మంచి అలవాటేనని నేనూ ఏమీ అనను. కానీ ఆ వాసనకు నాకు తలనొప్పి వస్తోంది. పిల్లవాడు పక్క గదిలోనే చదువుకుంటాడు. అడిగితే మాస్కు పెట్టుకుంటున్నానుగా అంటారు. – గృహిణి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ తలనొప్పి నిజమైన హెచ్చరిక. థిన్నర్, జిగురు ఆవిరులు గుడ్డ మాస్కుతో ఆగవు, కరోనా రోజుల్లో వాడిన మాస్కుతోనూ ఆగవు. అవి ధూళిని మాత్రమే ఆపుతాయి. ఆవిరి కోసం బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. కార్ల పెయింటర్లకు సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. పైగా అది పెట్టుకున్న మనిషినే కాపాడుతుంది, పక్క గదిలోని పిల్లవాణ్ని కాపాడదు. కాబట్టి రంగు కొట్టే చోట కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి, గాలి బయటికే పోయేలా చూడాలి. అది కుదిరేదాకా రంగు పని డాబా మీద చేయమనండి. రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచిన ఒక రకం ప్లాస్టిక్) భాగాలను తడిపి రుద్దమనండి, పొడి ధూళి ఊపిరితిత్తులకు చేటు.

మూసిన తలుపు గురించి కూడా ఒక మాట. ఈ జవాబు ఆయనకు చదివి వినిపించండి. అయ్యా, వరంగల్, హనుమకొండల్లో ఈ అభిరుచి ఉన్నవాళ్లు మరొకరు తప్పకుండా ఉంటారు. వెతికి పట్టుకోండి. ఒంటరిగా కూర్చుని చేసే మోడల్‌లో మీ కంటికి అలవాటైపోయిన తప్పు ఎప్పటికీ కనబడదు. ఎందుకంటున్నానో కింది జవాబులో రాశాను.

ప్రశ్న: హైదరాబాద్‌లో మేం నలుగురం మిత్రులం. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు పలికిన రోజు నుంచి దాని జ్ఞాపకంగా అందరం కలిసి ఏదైనా చేయాలనుకుంటున్నాం. నలుగురం ఒకటే చేయాలా, వేర్వేరుగానా? వాడి పాతబడినట్టు కనబడాలంటే ఏం చేయాలి? – పాఠకులు, హైదరాబాద్

జవాబు: ఈ ఉత్తరం చదివి నా మనసు నిండిపోయింది. 1963లో చండీగఢ్‌కే మొదట వచ్చిన విమానం అది. నా ఉద్యోగ జీవితమంతా దాని పొట్ట కిందే గడిచింది.

నలుగురూ నాలుగు రకాలు చేయండి. దళంలో మేం వాటిని టైప్ నంబర్లతో పిలిచేవాళ్లం. మిగ్-21ఎఫ్‌ఎల్ టైప్ 77, మిగ్-21ఎం టైప్ 96, బిస్ టైప్ 75. నాలుగోది బైసన్, బిస్‌నే ఆధునికీకరించిన రకం. ఈ వరుసలోనే బల్ల మీద పెట్టి పక్క నుంచి చూడండి. కాక్‌పిట్ వెనక వీపు ఎఫ్‌ఎల్‌లో సన్నగా ఉంటుంది, తరువాతి రకాల్లో ఉబ్బుతూ వస్తుంది. ఇంధనం, పరికరాలు పెరిగిన కొద్దీ ఆ విమానం ఎలా మారిందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఒకే మోడల్ ఎంత బాగా చేసినా ఆ కథ చెప్పలేదు.

కిట్టు కొనేటప్పుడు ఎఫ్‌ఎల్ చేసే మిత్రుడు జాగ్రత్తగా ఉండాలి. ఎఫ్‌ఎల్ కనోపీ (కాక్‌పిట్ మీది గాజు మూత) ముందువైపుకు తెరుచుకుంటుంది, తరువాతి రకాలది కుడి పక్కకు. పెట్టెలో భారత డెకాల్స్ ఉన్నంత మాత్రాన లోపలి ప్లాస్టిక్ ఎఫ్‌ఎల్‌ది అని నమ్మకండి. దానికి లోపల ఫిరంగి లేదు. అందుకే 1971లో పొట్ట కింద జీపీ-9 గన్‌పాడ్ అనే ఫిరంగి పెట్టె తగిలించుకుని వెళ్లింది. సెఖోన్ శ్రీనగర్ మీద పోరాడిన డిసెంబర్ 14నే 28వ స్క్వాడ్రన్ ఎఫ్‌ఎల్‌లు ఢాకాలో గవర్నమెంట్ హౌస్ మీద రాకెట్లతో దాడి చేశాయి. ఆ యుద్ధం నాటి విమానమే చేయాలనుకుంటే మాత్రం ఫలానా నంబరు విమానం ఫొటో చేతిలో ఉండాలి. అప్పట్లో కేమఫ్లాజ్ (శత్రువు కంటికి చిక్కకుండా వేసే మచ్చల) రంగులు చాలావాటికి స్థావరాల్లోనే హడావిడిగా వేశారు. ఒకే స్క్వాడ్రన్‌లోని రెండు విమానాల మచ్చలు కూడా కలవవు. ఫొటో లేకుండా ఊహించి మచ్చలు వేయకండి. లోహపు మెరుపుతో ఉన్న విమానాన్ని చేయండి, అదీ అందంగానే ఉంటుంది.

కలిసి చేయడం అంటే ఒకేసారి కొని కొరియర్ ఖర్చు పంచుకోవడమనే చాలామంది అనుకుంటారు. అది చిన్న లాభం. అసలు లాభం ఎదుటివాళ్ల కళ్లు. మిగ్-21 రెక్కలు నేలకు సమాంతరంగా ఉండవు, 2 డిగ్రీలు కిందికి వాలి ఉంటాయి. మా బృందంలో బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఎంతో శ్రద్ధగా బిస్ చేస్తున్నారు. రెక్కలు అతికించి అంతా సరిగ్గా ఉందనుకున్నారు. బల్లకు అటువైపు కూర్చున్న డ్రాయింగ్ టీచరు గారు తలెత్తి, ‘సార్, ఎడమ రెక్క ఎగిరిపోదామని చూస్తోంది’ అన్నారు. ఎదురుగా కూర్చున్నారు కాబట్టి ఆమెకు కనబడింది. జిగురు ఇంకా పట్టలేదు కాబట్టి అప్పటికప్పుడే సరిచేశారు. ఇంకొకాయన దంతాల ల్యాబ్‌లో టెక్నీషియన్. అరిగిపోయి పక్కన పడేసే పంటి పనిముట్లు తెచ్చి అందరికీ పంచారు. లప్పం కింద పూడుకుపోయిన ప్యానెల్ గీతలను (విమానం రేకుల అతుకులను చూపే గీతలను) మళ్లీ గీయడానికి వాటిని మించిన సాధనం నేను చూడలేదు. మీ నలుగురిలోనూ ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పనితనం ఉంటుంది. కాక్‌పిట్‌లకు నీలం, ఆకుపచ్చ కలిసిన ఆ రష్యన్ రంగు ఒకరే కలిపి నలుగురికీ పోయండి. చక్రాల హబ్‌లకు ముదురు ఆకుపచ్చ కూడా అంతే. అప్పుడు నాలుగు విమానాలూ ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టుంటాయి.

ఇక పాతబడినట్టు చూపించడం. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఈ మధ్య మోడళ్లకు ప్రతి గీతలోనూ నల్లరంగు నింపి, ఎక్కడ పడితే అక్కడ తుప్పు, మసి పూస్తున్నారు. మేం ఏ విమానాన్నీ అలా ఉంచలేదు. రోజూ గుడ్డలు పట్టుకుని తుడిచేవాళ్లం. మురికి ఉంటే దానికొక కారణం ఉండేది, కారణం ఉన్న చోటే ఉండేది. పొట్ట కింది మూతల అంచు నుంచి హైడ్రాలిక్ నూనె చెమర్చి, ఎగిరేటప్పుడు గాలికి వెనక్కి సాగి సన్నటి చార అయ్యేది. రోజూ విప్పి బిగించే మూతల స్క్రూల చుట్టూ మాత్రమే రంగు లేచి లోహం కనబడేది. ఏడాదికొకసారి తెరిచే మూత కొత్తదానిలా ఉండేది. కాక్‌పిట్ ఎడమ పక్కన, నిచ్చెన ఆనించే చోట గీతలు పడేవి, కుడి పక్కన ఉండేవి కావు. జెట్ గొట్టం చుట్టూ లోహం వేడికి కమిలి, మిగతా శరీరం కంటే ముదురుగా ఉంటుంది. కుంచె చేతిలోకి తీసుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడ ఎవరి చెయ్యి పడింది, ఎవరి బూటు పడింది? జవాబు తట్టకపోతే ఆ చోటు శుభ్రంగా వదిలేయండి.

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దున వైమానిక దళంలో పనిచేశారు. ఆయన గుర్తుగా హరికేన్ యుద్ధ విమానం చేస్తున్నాను. కిట్టులోని గుండ్రటి గుర్తుల మధ్యలో ఎరుపు ఉంది. అదే వాడాలా? – పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వాడకండి. అవి యూరప్‌లో ఎగిరిన విమానాల గుర్తులు. జపాన్ విమానాల మీద ఎర్రటి సూర్యబింబం ఉండేది. దూరం నుంచి ఎరుపు కనబడితే సొంతవాళ్లే పొరబడి కాల్చే ప్రమాదం ఉందని ఆగ్నేయాసియా రంగంలో గుర్తుల నుంచి ఎరుపును తీసేశారు. మీకు కావలసింది ముదురు నీలం వలయం, మధ్యలో లేత నీలం. ‘ఆగ్నేయాసియా కమాండ్ గుర్తులు’ అని అడిగితే విడి డెకాల్ షీట్లు దొరుకుతాయి. 1944లో ఇంఫాల్ దగ్గర అర్జన్ సింగ్ నాయకత్వంలోని 1వ స్క్వాడ్రన్ హరికేన్లతోనే పోరాడింది. తాతగారిది ఏ స్క్వాడ్రనో ఇంట్లో పాత కాగితాల్లో వెతకండి. అది తెలిస్తే మోడల్‌కు పేరు, ఊరు వస్తాయి.

ప్రశ్న: పిల్లల చేత యుద్ధ విమానాల బొమ్మలు చేయించడం యుద్ధాన్ని ముద్దు చేయడం కాదా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, ఈ ప్రశ్న అడగవలసినదే. ఎగిరే ముందు, విమానం సిద్ధంగా ఉందని నమోదు చేసే ఫారం 700 మీద సంతకం పెట్టి, పైలట్‌కు సీటు పట్టీలు బిగించడం చూసి, తిరిగి వచ్చేదాకా ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డవాణ్ని నేను. కొందరు తిరిగి రాలేదు. విమానం నాకు ఎన్నడూ ఆటవస్తువు కాలేదు. అందుకే మా బల్ల దగ్గర ఒక పద్ధతి పాటిస్తాం. మోడల్ చేసే పిల్లవాడు ఆ విమానం ఎక్కడ పనిచేసిందో, ఎవరు నడిపారో, ఆ మనిషికి ఏమైందో తెలుసుకుని మాకు చెప్పాలి. మంటల్లో కూలుతున్న విమానాల దృశ్యాలు మేం చేయం.

చరిత్రలో ఇంకో సంగతి కూడా ఉంది. 1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లలను 5 లక్షల చెక్క విమానాలు చేసిపెట్టమని కోరింది. 1/72 కొలతలో చేసి, నల్ల రంగు వేసిన ఆ నమూనాలను చూపించి సైనికులకు ఏ ఆకారం ఎవరిదో నేర్పారు. సొంత విమానాన్ని శత్రువనుకుని కూల్చకూడదన్నది దాని ఉద్దేశం. మేం ఈనాటికీ వాడే 1/72 కొలత బాగా స్థిరపడడంలో ఆ చెక్క విమానాలకు కూడా వంతుంది.

ప్రశ్న: విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 చూశాను. నాకు దాన్ని చేయాలని ఉంది. ఎంత పెద్దగా వస్తుంది? నేను చేయగలనా? – తొమ్మిదో తరగతి విద్యార్థి, విజయనగరం

జవాబు: బాబూ, నువ్వు ఎంచుకున్నది మహా విమానం. 1988 నుంచి 2017 వరకు మన నౌకాదళంలో సముద్రం మీద జలాంతర్గాములను వెతికింది. ఇప్పుడు కురుసుర జలాంతర్గామికి ఎదురుగా నిలబడి ఉంది. పొడవు 53 మీటర్లు, రెక్కల చివరి నుంచి చివరికి 50 మీటర్లు. 1/72లో అయితే దాదాపు 74 సెంటీమీటర్ల పొడవు, 69 సెంటీమీటర్ల వెడల్పు. మీ ఇంట్లో చదువుకునే బల్ల నిండిపోతుంది. 1/144లో సరిగ్గా సగం, అదే నీకు తగినది. చైనాలోని ట్రంపెటర్ కంపెనీ ఈ కుటుంబపు విమానాలను రెండు కొలతల్లోనూ తెచ్చింది. పెట్టె మీద పేరు జాగ్రత్తగా చదువు. టీయూ-95 బాంబర్ దీనికి అన్నలాంటిది, కానీ ఇది కాదు. టీయూ-142కు ముందు భాగం పొడవెక్కువ.

మళ్లీ విశాఖ వచ్చినప్పుడు ఒక నోటు పుస్తకం తెచ్చుకో. ఇంజిను కింద నిలబడి పైకి చూడు. ఒక్కొక్క ఇంజినుకు ముందొకటి, వెనకొకటి రెండు ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి నాలుగేసి రెక్కలు. నాలుగు ఇంజిన్లకు లెక్కవేస్తే 32. ముందుది ఒకవైపు తిరిగితే వెనకది దానికి ఎదురు తిరుగుతుంది. అందువల్ల ముందు రెక్కల మెలిక ఒకవైపు, వెనక రెక్కల మెలిక రెండోవైపు ఉంటుంది. ఏ అంచు ఎటు తిరిగి ఉందో బొమ్మ గీసుకో. కిట్టులో ఈ భాగాలు ఒకేలా కనబడతాయి. చట్రం నుంచి అన్నీ ఒకేసారి కోసి కుప్ప పోస్తే ఏది ముందుదో ఏది వెనకదో తెలియదు. ఒక్కో ఇంజినువి ఒక్కో అగ్గిపెట్టెలో వేసి మీద నంబరు రాసుకో. రంగు కోసం మాత్రం మ్యూజియం విమానాన్ని నమ్ముకోకు. సముద్రపు గాలికీ ఎండకూ నిలబెట్టిన విమానం రంగు, ఎగిరిన రోజుల రంగు ఒకటి కావు. పాత ఫొటోలు చూడు.

దీనికి ముందు ఒక ఇంజిను ఉన్న చిన్న విమానం ఒకటి పూర్తిచెయ్. ఆ తరువాత ఏదైనా ఆదివారం నాన్నగారితో కలిసి మా బల్ల దగ్గరికి రా. పత్రికవారికి ఉత్తరం రాస్తే చిరునామా పంపిస్తారు. ఆ ప్రొపెల్లర్లు నాతో కలిసి అతికిద్దువుగాని.

ప్రశ్న: విమానం తోక మీద కూలబడకుండా ముక్కులో సీసపు గుండ్లు పోసి, ఫెవికాల్‌తో నింపి మూసేశాను. ఏడాది తిరిగేసరికి ముక్కు అతుకు విచ్చుకుంది. లోపల తెల్లటి పొడి ఉంది. ఎందుకిలా? – పాఠకుడు, నెల్లూరు

జవాబు: సీసానికీ తెల్ల జిగురుకూ పడదు. జిగురు నుంచి వెలువడే ఆమ్లం సీసాన్ని తినేసి తెల్లటి పొడిగా మారుస్తుంది. ఆ పొడి సీసం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి లోపలి నుంచి ప్లాస్టిక్‌ను చీలుస్తుంది. ముక్కు పూర్తిగా తెరిచి పొడిని తడిగుడ్డతో తీసేయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలను దగ్గరికి రానీయకండి. ఈసారి సైకిల్ బేరింగుల ఉక్కు గుండ్లు గానీ ఇత్తడి నట్లు గానీ వేసి, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీతో అతికించండి. ఫెవికాల్‌ను కనోపీకి ఉంచుకోండి. అక్కడ సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరికి గాజులాంటి ప్లాస్టిక్ మసకబారుతుంది, ఫెవికాల్ మాత్రం ఆరాక కనబడదు. ముక్కు మూసేముందు రెక్కలు, తోక, చక్రాలు టేపుతో తాత్కాలికంగా అంటించి బల్ల మీద నిలబెట్టి చూడండి. ముందు చక్రం ఆనితే ఇంకో రెండు గుండ్లు అదనంగా వేసి, అప్పుడు మూయండి. రంగు, డెకాల్స్, వెనక వేలాడే సామాను బరువు ఇంకా దాని మీద పడలేదు.